గుసగుసకూ గర్జనకూ మధ్య: ఉపగ్రహ యాంటెన్నా చెవి కథ

మన సంఘం సంచికలో ఏటా యుద్ధాల జ్ఞాపకాలు, పోస్టింగుల ముచ్చట్లు వస్తుంటాయి. నేనూ వాటిని ఇష్టంగా చదువుతాను. కానీ నేను సర్వీసంతా సిగ్నల్స్‌లో గడిపినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర అంతా తీగల్లోనూ యాంటెన్నాల్లోనూ ఉంది. అందుకని ఈసారి ఉపగ్రహ యాంటెన్నాలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక భాగం చరిత్ర రాస్తున్నాను. దాని పేరు ఫీడ్. డిష్ ముందు మూడు నాలుగు కడ్డీల మీద నిలబడి ఉండే మూతి అది. సైన్యం వాడే సామగ్రి గురించి ఇందులో ఒక్క ముక్క కూడా ఉండదు. అంతా బయట అచ్చైన విషయమే, కాకపోతే రిక్రియేషన్ రూమ్‌లో టీవీ దగ్గర నేర్చుకున్న పాఠం.

ఆ టీవీ దగ్గర్నుంచే మొదలుపెడతాను.

1998 చలికాలం. నేనప్పుడు హవల్దార్‌ని. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. జవాన్ల కోసం మేడ మీద 12 అడుగుల జాలీ డిష్ పెట్టి, దూరదర్శన్ నేరుగా ఉపగ్రహం నుంచి పట్టేవాళ్ళం. ఉన్నట్టుండి బొమ్మ మీద తెల్ల చుక్కలు రావడం మొదలైంది. ఆ రోజుల్లో చుక్కలు వచ్చాయంటే ఒకటే అర్థం చెప్పేవాళ్ళు: సిగ్నల్ చాలడం లేదు, డిష్ కదిలింది. డిష్ బాధ్యత మా శ్రీకాకుళం కుర్రాడు ఒకడికి ఉండేది, కొత్తగా వచ్చిన సిగ్నల్‌మన్. వాణ్ణి పిలిచి గట్టిగా కేకలేశాను. రెండు రోజులు చలిలో మేడ మీదే ఉండి డిష్ తిప్పాడు. లాభం లేకపోయింది. మార్కెట్‌కి పోయి ఇంకా ఎక్కువ గెయిన్ ఉన్న ఎల్ఎన్‌బీ తెచ్చాం. చుక్కలు ఇంకా పెరిగాయి. కేబుల్ మధ్యలో ఇంకో యాంప్లిఫయర్ వేశాం. బొమ్మ చిరిగిపోయింది.

అప్పుడు ఆ కుర్రాడు మెల్లగా అన్నాడు: "ఉస్తాద్, చుక్కలు గడియారం కొట్టినట్టు వస్తున్నాయండి. సిగ్నల్ తక్కువైతే ఎప్పుడూ ఒకేలా ఉండాలి కదండీ?"

నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "నాకు నేర్పడానికి వచ్చావా" అని, ఆ వారమంతా ఎక్స్‌ట్రా డ్యూటీ వేశాను.

వాడు చెప్పిందే నిజం. అది ఎందుకు నిజమో తెలియాలంటే ఈ ఫీడ్ చరిత్ర తెలియాలి.

చెవికి రెండు హద్దులు

మన చెవి సంగతే తీసుకోండి. రాత్రి సెంట్రీ డ్యూటీలో ఆకు కదిలినా వినబడుతుంది. అదే చెవి పక్కన ఫిరంగి పేలితే, తరవాత కాసేపు పక్కవాడు అరిచినా వినబడదు. వినబడేంత చిన్న శబ్దం కింది హద్దు, భరించగలిగేంత పెద్ద శబ్దం పై హద్దు. ఆ రెండిటి మధ్య దూరాన్నే డైనమిక్ రేంజ్ అంటారు. మన చెవికి అది సుమారు 120 డెసిబెల్స్. డెసిబెల్ లెక్క తెలియని సోదరులకు ఒక్క ముక్క: ప్రతి 10 డెసిబెల్స్‌కీ శక్తి పది రెట్లవుతుంది. 20 అంటే వంద రెట్లు, 30 అంటే వెయ్యి రెట్లు.

డిష్ అద్దంలాంటిది, అది వినదు. వచ్చిన తరంగాల్ని ఒకచోటికి చేరుస్తుంది, అంతే. వినేది ఫీడ్. అందులో ముందు హార్న్ ఉంటుంది. తరవాత తరంగం నిలువుదా, అడ్డందా, గుండ్రంగా తిరిగేదా అని వేరుచేసే భాగం, ఆ తరవాత ఫిల్టర్, చివర మొదటి యాంప్లిఫయర్. ఇంటి డిష్‌లో ఆ చివరి భాగం ఎల్ఎన్‌బీలో ఉంటుంది.

మా 12 అడుగుల డిష్ లెక్క వేసి చూద్దాం. ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ దారిలో దాదాపు 196 డెసిబెల్స్ పోతాయి. ఒక వాట్‌ను లక్ష కోట్ల భాగాలు చేస్తే, ఒక టీవీ ఛానెల్‌కి మా ఫీడ్ దగ్గరకు చేరేది అందులో ఒకటి రెండు భాగాలు. ఆ ఛానెల్ వెడల్పులో యాంప్లిఫయర్ తనంతట తాను చేసే రొద, ఆకాశం రొద, నేల రొద అన్నీ కలిపితే అలాంటి భాగంలో ఇరవయ్యో వంతు ఉంటుంది. అది కింది హద్దు. అలాంటి భాగాలు పది వేలు ఒక్కసారి వచ్చిపడితే మామూలు ఎల్ఎన్‌బీ తట్టుకోలేదు. అది పై హద్దు. అంటే మధ్యలో ఉన్నది 53 డెసిబెల్స్. మన చెవి ముందు అది చాలా ఇరుకైన చెవి.

ఇంజినీర్లు మొదటి ఇరవై ఏళ్ళు ముఖ్యంగా కింది హద్దుతోనే కుస్తీ పట్టారు. పై హద్దు బాధ అందరికీ తరవాత తెలిసివచ్చింది.

కింది హద్దు కోసం పోరాటం

ఈ కథకు ఊరంటూ ఉంటే అది అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో హోమ్‌డెల్. అక్కడ బెల్ ల్యాబ్స్ వాళ్ళ పొలం ఉండేది. సముద్రం దాటే రేడియో టెలిఫోన్‌లో గరగర ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోమని కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజినీర్‌ని పెట్టారు. ఆయన 20.5 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే, చక్రాల మీద తిరిగే యాంటెన్నా కట్టాడు. ఉరుముల రొద వేరుచేసిన తరవాత కూడా సన్నటి బుస ఒకటి మిగిలింది. అది మన పాలపుంత మధ్య నుంచి వస్తోందని 1933లో ప్రకటించాడు. రిసీవర్‌లో రొద అంటే లోపమే అనుకునే రోజుల్లో, ఆకాశానికే ఒక రొద ఉందని తెలిసింది.

1960 ఆగస్టు 12న ఎకో-1 పైకి వెళ్ళింది. అది 30 మీటర్ల అడ్డుకొలత ఉన్న మెరిసే బెలూన్. అందులో యాంప్లిఫయర్ లేదు, నేల మీంచి పంపిన తరంగం దానికి తగిలి వెనక్కి రావాలి, అంతే. తిరిగొచ్చేది గుసగుసలో గుసగుస. దాన్ని పట్టడానికి హోమ్‌డెల్‌లో 20 అడుగుల మూతి ఉన్న పెద్ద కొమ్ములాంటి యాంటెన్నా కట్టారు. మామూలు డిష్‌కి బదులు కొమ్ము ఎందుకంటే, నేల కూడా వెచ్చటి వస్తువే, అది కూడా రొద పంపుతుంది. డిష్ అంచు దాటి ఫీడ్ నేలను కొంచెం చూసినా కింది హద్దు పైకి లేస్తుంది. కొమ్ము యాంటెన్నాకు చుట్టూ గోడలుంటాయి, పక్కచూపులు తక్కువ.

1962 జులై 10న టెల్‌స్టార్ వెళ్ళింది. దాని ట్రాన్స్‌మిటర్ శక్తి రెండు మూడు వాట్లు, టార్చిలైటంత. దాన్ని వినడానికి మెయిన్ రాష్ట్రంలోని ఆండోవర్‌లో 54 మీటర్ల పొడవు, 300 టన్నుల పైన బరువున్న కొమ్ము కట్టారు. దాని చెవిలో మేజర్ అనే యాంప్లిఫయర్ పెట్టారు. మన ర్యాంకు మేజర్ కాదు లెండి. అది కెంపు స్ఫటికంతో చేసిన యాంప్లిఫయర్, దాన్ని ద్రవ హీలియంలో ముంచి మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచేవారు. వస్తువు ఎంత చల్లగా ఉంటే దాని సొంత రొద అంత తక్కువ. కింది హద్దును దించడానికి అంత ఖర్చూ అంత శ్రమా పడ్డారు.

అయితే చెవి ఎంత చల్లగా ఉన్నా ఫీడ్‌లో చిన్న పొరపాటు చాలు. ఇంగ్లండ్‌లోని గూన్‌హిల్లీలో 26 మీటర్ల డిష్ కట్టుకుని అదే టెల్‌స్టార్ కోసం కూర్చున్నారు. మొదటి రాత్రి ఫ్రాన్స్‌లో ప్లమర్-బోడూ వాళ్ళకు బొమ్మ చక్కగా వచ్చింది, ఇంగ్లండ్ వాళ్ళకు సరిగా రాలేదు. తీరా చూస్తే తరంగం కుడికి తిరుగుతుందా ఎడమకు తిరుగుతుందా అని చెప్పుకునే మాటలో తేడా. దాంతో ఫీడ్‌లో ఒక భాగం ఉల్టాగా అమర్చారు. ఆ భాగం తిప్పిపెట్టాక బొమ్మ వచ్చింది. డిష్ తప్పు లేదు, మేజర్ తప్పు లేదు, ఉపగ్రహం తప్పు అసలే లేదు.

హోమ్‌డెల్ కొమ్ముకి తరవాత ఇంకా పెద్ద పేరొచ్చింది. ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ అనే ఇద్దరు 1964లో దాన్ని 4080 మెగాహెర్ట్జ్ దగ్గర కొలుస్తుంటే, లెక్కకు రాని రొద 3.5 కెల్విన్ మిగిలింది. ద్రవ హీలియంతో చల్లబరచిన కొలబద్ద పక్కన పెట్టి పోల్చి చూశారు. అతుకుల మీద అల్యూమినియం టేపు వేశారు. లోపల కాపురం పెట్టిన పావురాల్ని వెళ్ళగొట్టి రెట్టలు కడిగారు. అయినా రొద పోలేదు, ఏ దిక్కుకు తిప్పినా అంతే ఉంది. చివరికి అది విశ్వం పుట్టినప్పటి వేడిలో మిగిలిందని తేలింది. 1965లో ప్రకటించారు, 1978లో నోబెల్ బహుమతి వచ్చింది.

నాకు ఈ కథలో నచ్చేది నోబెల్ కాదు. లెక్కకు రానిదాన్ని వాళ్ళు ఎవరి మీదా నెట్టేయలేదు. ఒక్కొక్క అనుమానం తీసుకుని, కొలిచి, కొట్టేసుకుంటూ వెళ్ళారు.

మన దేశంలో, మన తెలుగు పల్లెల్లో

1967లో అహ్మదాబాద్‌లో ప్రయోగాత్మక ఉపగ్రహ భూకేంద్రం వచ్చింది. 1970ల మొదట్లో పుణె దగ్గర ఆర్వీలో, డాక్టర్ విక్రమ్ సారాభాయ్ పేరు మీద, విదేశీ టెలిఫోన్ల కోసం దాదాపు 30 మీటర్ల డిష్‌తో భూకేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. అప్పట్లో ఇంటెల్‌శాట్ పెద్ద కేంద్రాలకు పెట్టిన కొలత కఠినంగా ఉండేది. డిష్ గెయిన్‌కూ రొదకూ నిష్పత్తి 40.7 డెసిబెల్స్ ఉంటే తప్ప ఆ తరగతిలోకి రానిచ్చేవారు కాదు. అందుకే అంత పెద్ద డిష్‌లు.

తరవాత వచ్చింది సైట్ ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ చూపించారు. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, తెలుగులో కార్యక్రమాలూ ఉన్నాయి. కరెంటే సరిగా లేని ఊళ్ళో పంచాయతీ దగ్గరో బడి దగ్గరో 3 మీటర్ల డిష్ పెట్టారు. అది రేకు డిష్ కూడా కాదు, కోళ్ళ గూటికి వేసే తీగ జాలీ. ఆ సెట్లు మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి.

ఆండోవర్‌లో 54 మీటర్ల కొమ్ము, ద్రవ హీలియం కావలసివస్తే, పదమూడేళ్ళలో కోళ్ళ జాలీ ఎలా సరిపోయింది? కొంత జవాబు ట్రాన్సిస్టర్లలో ఉంది. ఎక్కువ జవాబు ఉపగ్రహంలో ఉంది. ఏటీఎస్-6 ఆకాశంలో 9 మీటర్ల గొడుగు విప్పింది. 860 మెగాహెర్ట్జ్ దగ్గర 80 వాట్ల శక్తిని ఆ గొడుగుతో మన దేశం మీదికి గురిపెట్టింది. పైవాడు గట్టిగా మాట్లాడితే కిందివాడికి సన్నచెవి అక్కర్లేదు కదా. పల్లెలో పెట్టే చెవి చౌకగా ఉండాలని, పైన పెట్టే గొంతు మీద ఖర్చుపెట్టారు.

పై హద్దు

ఇక రెండో హద్దు. టీవీ డిష్ ఊరికే వింటుంది. టెలిఫోన్ భూకేంద్రం అలా కాదు, ఒకే ఫీడ్‌తో పంపుతూ అదే సమయంలో వింటుంది. 6 గిగాహెర్ట్జ్ దగ్గర పంపుతుంది, 4 గిగాహెర్ట్జ్ దగ్గర వింటుంది. పది మీటర్ల డిష్ ఉండి వెయ్యి వాట్లు పంపుతోందనుకుందాం. వినేది వాట్‌లో లక్ష కోట్ల వంతులు ఓ పది. ఆ రెండిటికీ తేడా కోటి కోట్ల రెట్లు, అంటే 140 డెసిబెల్స్. ఒకే నోటితో కేక వేస్తూ అదే నిమిషంలో పక్క ఊరి చీమ నడక వినమన్నట్టు. పంపే శక్తిలో ఇసుక రేణువంత వెనక్కి జారి యాంప్లిఫయర్‌లో పడినా అది చెవుడెక్కుతుంది. అందుకే ఫీడ్‌లో రెండు దారులు వేరుచేసే భాగం, వినే దారిలో 6 గిగాహెర్ట్జ్‌ని ఆపే ఫిల్టర్ పెడతారు.

పై హద్దు దగ్గర ఇంకో చిక్కుంది. యాంప్లిఫయర్ ఒక్కసారిగా చెవుడు పడదు, ముందు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. 3720, 3740 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు బలమైన సిగ్నల్స్ వస్తే, ఎవరూ పంపని 3700, 3760 దగ్గర కొత్తవి పుట్టిస్తుంది. అసలు సిగ్నల్ 1 డెసిబెల్ పెరిగితే ఈ దొంగ సిగ్నల్ 3 డెసిబెల్స్ పెరుగుతుంది. 10 పెరిగితే 30 పెరుగుతుంది. గెయిన్ పెంచిన కొద్దీ మంచి కంటే చెడు తొందరగా పెరిగేది ఇందుకే.

ఇంకా విచిత్రం, దీనికి యాంప్లిఫయరే అక్కర్లేదు. ఎక్కువ శక్తి పోయే దారిలో తుప్పు పట్టిన బోల్టో, వదులైన అతుకో, రెండు లోహాల మధ్య మురికి పొరో ఉంటే అదే డయోడ్‌లా పనిచేసి దొంగ సిగ్నల్స్ పుట్టిస్తుంది. ఓడల మీద పనిచేసిన నౌకాదళ సోదరులకు ఈ తుప్పు బోల్టు కథ నాకంటే బాగా తెలుసు. అమెరికా నౌకాదళం ఫ్లీట్‌శాట్‌కామ్ ఉపగ్రహాల దగ్గర దీంతోనే తిప్పలు పడింది. పంపడానికీ వినడానికీ ఒకే యాంటెన్నా వాడాలంటే దాని అతుకుల్లోనే ఈ దొంగ సిగ్నల్స్ పుట్టి వినే దారిలో పడ్డాయి. చివరికి పంపే గొడుగుకు పక్కగా వినడానికి వేరే స్ప్రింగులాంటి యాంటెన్నా పెట్టారు. 1978 ఫిబ్రవరిలో మొదటిది అలాగే వెళ్ళింది. నట్టు సరిగా బిగించడం, అతుకు తుడవడం లాంటి పనుల్ని మనం జూనియర్లకు అప్పచెప్పి మరిచిపోతాం. ఉపగ్రహం ఆకారాన్నే మార్చింది ఆ అతుకు.

చౌకైన చెవులు

1980లో జపాన్‌లో ఫుజిత్సు సంస్థకు చెందిన తకాషి మిమురా హెమ్ట్ అనే కొత్త రకం ట్రాన్సిస్టర్ కనిపెట్టాడు. దాని సొంత రొద చాలా తక్కువ, హీలియం అక్కర్లేదు. తరవాత అది చౌకై ఎల్ఎన్‌బీల్లోకి వచ్చింది. ఒకప్పుడు దేశానికి ఒకటి ఉండే చెవి ఇప్పుడు కొన్ని వందల రూపాయలకు బజార్లో దొరికింది. మన దేశంలో 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి వెళ్ళాక, తొంభైల్లో కేబుల్ టీవీ వచ్చాక, డిష్‌లు మేడల మీదికి ఎక్కాయి.

కానీ దుకాణంవాడు అమ్మేది కింది హద్దునే. డబ్బా మీద "ఇన్ని కెల్విన్లు, ఇంత గెయిన్" అని రాసుంటుంది. పై హద్దు ఎంతో రాసి ఉన్న డబ్బా నేను ఆ రోజుల్లో ఒక్కటీ చూడలేదు. అసలు లెక్క ఇది: యాంప్లిఫయర్ ఔట్‌పుట్ ఒక స్థాయి దాటి పోలేదు. అందుకని గెయిన్ 10 డెసిబెల్స్ పెంచితే, బయటినుంచి తట్టుకోగలిగే పై హద్దు 10 డెసిబెల్స్ కిందికి దిగుతుంది. ఎక్కువ గెయిన్ ఎల్ఎన్‌బీ తెచ్చి మేము చేసింది సరిగ్గా అదే.

ఇప్పుడు మేడ మీదికి వద్దాం. ఓ నెల తరవాత వేరే పని మీద వచ్చిన ఒక ఇంజినీర్ సాబ్ మా టీవీ చూశారు. డిష్ వైపు పోలేదు. చేతి గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టారు. నాలుగైదు సెకన్లకు ఒకసారి. "దగ్గర్లో విమానాశ్రయం రాడార్ ఉందా?" అని అడిగారు. ఉంది, కొత్తగా పెట్టారు. రాడార్ యాంటెన్నా ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం అదే. అది 2.8 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తుంది. మా ఎల్ఎన్‌బీ మూతి 2.6 పైన ఉన్న దేన్నయినా లోపలికి రానిస్తుంది. రాడార్ కిరణం మా మీదుగా పోయిన ప్రతిసారీ మా యాంప్లిఫయర్ పై హద్దు దాటి క్షణం పాటు చెవుడు పడుతోంది. డిష్ రాడార్ వైపు చూడనవసరం లేదు, పక్కనుంచి జారిన శక్తే చాలు.

ఆయన చెప్పినట్టే ఫీడ్‌కూ ఎల్ఎన్‌బీకీ మధ్య జానెడు పొడవున్న అల్యూమినియం ఫిల్టర్ తెప్పించి బిగించాం. పాత తక్కువ గెయిన్ ఎల్ఎన్‌బీ మళ్ళీ పెట్టాం, యాంప్లిఫయర్ తీసేశాం. బొమ్మ అద్దంలా వచ్చింది. ఫిల్టర్ వల్ల మాకు సిగ్నల్ ఇసుమంత తగ్గింది, అంటే కింది హద్దు కొంచెం పైకి జరిగింది. ఆ కొంచెం పోగొట్టుకుంటేనే పై హద్దు దక్కింది. రెండూ ఒకేసారి ఎవరికీ దొరకవు.

ఈ రోజు

ఇది పాత కథ అనుకోకండి. 2022లో మన దేశంలో 5జీ కోసం 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ వరకు వేలం వేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో సేవ మొదలైంది. సీ బ్యాండ్ ఉపగ్రహ టీవీ ఎక్కువగా 3700 నుంచి 4200 వరకు వింటుంది. కాగితం మీద రెండూ వేరు. కానీ పాత ఎల్ఎన్‌బీలు చాలావరకు 3400 నుంచే వినేలా చేసినవి. వాటికి అర కిలోమీటర్ దూరంలో ఉన్న టవర్ కేక ఉపగ్రహం గుసగుస కంటే కోట్ల రెట్లు పెద్దది. కేబుల్ ఆపరేటర్ డిష్ తిప్పుతూ కూర్చుంటే లాభం లేదు. మా మేడ మీద పెట్టినలాంటి ఫిల్టరే కావాలి.

కింది హద్దు కోసం పోరాటం కూడా ఆగలేదు. బెంగళూరు దగ్గర బ్యాలాలులో 32 మీటర్ల డిష్ ఉంది, దాని తయారీలో మళ్ళీ మన ఈసీఐఎల్ చెయ్యి ఉంది. 2008లో అది చంద్రయాన్-1ను విన్నది, దూరం నాలుగు లక్షల కిలోమీటర్ల లోపు. 2014 సెప్టెంబర్ 24న మంగళయాన్ అంగారక కక్ష్యలోకి చేరినప్పుడు దూరం 20 కోట్ల కిలోమీటర్ల పైన. ఒకే శక్తితో పంపారనుకుంటే రెండో గొంతు మొదటిదానికంటే దాదాపు మూడు లక్షల రెట్లు బలహీనం, 55 డెసిబెల్స్. అంత సన్నటి గొంతు వినాలంటే చుట్టూ నిశ్శబ్దం ఉండాలి. అలాంటి కేంద్రాలను ఊరికి దూరంగా, చుట్టూ ఎత్తు నేలలు అడ్డుండే చోట కట్టేది అందుకే.

ఆఖరి మాట

రిటైరైన తరవాత కూడా ఎవరైనా "డిష్ రావడం లేదు, కొంచెం చూడండి" అంటే నేను మొదట స్క్రూడ్రైవర్ తియ్యను, గడియారం చూస్తాను. సిగ్నల్ పోయిందంటే రెండు కారణాలుంటాయి. ఒకటి, వచ్చేది చాలకపోవడం. రెండు, ఇంకెవరో గట్టిగా అరవడం. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మందు మాత్రం ఒకదానికి ఇచ్చేది ఇంకోదానికి విషం. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు నేను చెప్పదలుచుకున్నది ఇంతే: గెయిన్ పెంచే ముందు, ఎదుటివాణ్ణి కేకలేసే ముందు, ఏ హద్దు దగ్గర ఉన్నామో చూసుకోండి.

ఫిల్టర్ బిగించిన రోజు ఆ శ్రీకాకుళం కుర్రాడు అక్కడ లేడు. అప్పటికే వేరే చోటికి పోస్టింగ్ మీద వెళ్ళిపోయాడు. పోయేముందు బ్యారక్‌కి వచ్చి "వెళ్ళొస్తానన్నా" అని దండం పెట్టి వెళ్ళాడు. ఉత్తరం రాసి, నువ్వు చెప్పిందే కరెక్ట్ అని చెప్పొచ్చు. ఇవాళ రేపు అనుకుంటూ రాయలేదు. ర్యాంకు పెరిగిన కొద్దీ రాయడం ఇంకా కష్టమైపోయింది. వాడు గడియారం చూసి చెప్పినదాన్ని నేను వినలేదు, నా గొంతు అంత పెద్దగా ఉంది ఆ రోజు.

ఈపాటికి అతనూ పెన్షన్‌లో ఉండి ఉంటాడు. ఈ సంచిక మనవాళ్ళందరి ఇళ్ళకూ చేరుతుంది కాబట్టి, ఎక్కడో ఒకచోట అతని చేతికీ రావచ్చు. తమ్ముడూ, ఆ చుక్కలు నువ్వన్నట్టే గడియారం ప్రకారమే వచ్చాయి. ఎక్స్‌ట్రా డ్యూటీ వేసినందుకు క్షమించు.

జైహింద్.